ఒకే వరుసలో 250 మంది గిటారిస్టులు: రోలింగ్ స్టోన్ పట్టికపై సమీక్ష

గిటారిస్టుల్లోకెల్లా గొప్పవారెవరన్న వాదన ఎక్కడ మొదలైనా, కాసేపటికి ఎవరో ఒకరు రోలింగ్ స్టోన్ పత్రిక పట్టికను సాక్ష్యంగా తెచ్చి ముందు పెడతారు. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ అమెరికన్ పత్రిక 2003లో వంద మంది గిటారిస్టులకు ర్యాంకులు ఇచ్చింది, 2011లో అదే పనిని కొత్తగా చేసింది, 2023 అక్టోబరులో సంఖ్యను 250కి పెంచి సర్వకాలాల గొప్ప గిటారిస్టులు వీరేనంటూ మరో పట్టికను ప్రకటించింది. ఇంతమంది దీన్ని తీర్పుగా వాడుకుంటున్నప్పుడు, డబ్బు పెట్టి కొన్న వస్తువును పరిశీలించినంత శ్రద్ధగా దీన్నీ పరిశీలించడం న్యాయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎవరిని వినాలో తెలియని శ్రోతకు దారి చూపే విషయంలో 2023 పట్టిక మునుపటి రెండింటికన్నా ఎంతో మెరుగైనది. ఎవరికన్నా ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జవాబుగా మాత్రం అది నిలవదు. సంపాదకులకు అభిరుచి లేకపోవడం ఇందుకు కారణం కాదు. మూడు పట్టికలూ ఒకే శీర్షిక కింద మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాయి. ఆ తేడాను చదువరికి స్పష్టంగా చెప్పకపోవడంలోనే చిక్కంతా ఉంది.

2003 నాటి వరుస డేవిడ్ ఫ్రికే అనే ఒక విమర్శకుడి ఎంపిక. 2011లో సంగీతకారులు, నిపుణులు కలిసి ఓట్లు వేశారు. 2023లో పత్రిక సంపాదకులే కూర్చుని నిర్ణయించారు. నిర్ణయించే చేతులు మారగానే పేర్లు ఎంత దూరం జరిగాయో చూడండి. ఎడ్డీ వాన్ హేలెన్ 2003లో 70వ స్థానంలో ఉన్నాడు, 2011లో ఎనిమిదికి, 2023లో నాలుగుకు చేరాడు. ఆయన బృందం తొలి ఆల్బమ్ వచ్చింది 1978లో. కుడి చేతి వేళ్లతో కూడా తీగలను గిటార్ మెడపైనే తట్టి స్వరాలు పలికించే ట్యాపింగ్ పద్ధతిని రెండు నిమిషాలైనా లేని ఒక సోలోతో, అంటే ఒంటరి వాద్యంతో, ఆయన లోకమంతటికీ పరిచయం చేసింది ఆ ఆల్బమ్‌లోనే. అంటే 2003 నాటికే ఆ వాదనకు కావలసిన ఆధారమంతా పాతికేళ్లుగా అందరి చెవిలోనూ ఉంది. ఎరిక్ క్లాప్టన్ నాలుగు నుంచి రెండుకు ఎక్కి, అక్కడి నుంచి 35కు దిగాడు. అన్నిటికన్నా తేటగా విషయాన్ని బయటపెట్టేది రాబర్ట్ జాన్సన్ ఉదాహరణ. అమెరికా నల్లజాతివారి జానపద సంగీతమైన బ్లూస్‌కు చెందిన ఈ కళాకారుడు 1938లో మరణించాడు. 1936, 1937 సంవత్సరాల్లో రికార్డు చేసిన 29 పాటలే ఆయన మనకు మిగిల్చిన సంగీతం, అందులో ఒక్క స్వరం కూడా ఆ తరువాత మారలేదు. అయినా 2003లో ఐదో స్థానంలో ఉన్న ఆయన 2011లో 71వ స్థానానికి దిగిపోయాడు.

చనిపోయి డెబ్భై ఏళ్లు దాటిన మనిషి ఎనిమిదేళ్లలో 66 మెట్లు దిగితే, ఆయన వాద్యం తగ్గిందని ఎవరూ అనలేరు. కొలబద్ద మారిందని అర్థం. రాక్ సంగీతపు వేళ్లను వెతికే విమర్శకుడికి జాన్సన్ మూలపురుషుడిగా కనిపిస్తాడు. తమ వేళ్లతో కష్టపడి నేర్చుకున్న వాద్యకారులకు, తమ యవ్వనంలో తమను నిద్రపోనివ్వని వాన్ హేలెన్ వంటివారే ముందు గుర్తుకొస్తారు. రెండు దృష్టులూ గౌరవించదగినవే. రెండింటికీ ఒకే శీర్షిక పెట్టి, ఒకే రకం అంకెలు వేసి, వాటి మధ్య పోలికకు తావివ్వడం మాత్రం సరికాదు.

ఈ విషయంలో 2023 సంపాదకులు కొంత నిజాయితీ చూపారని ఒప్పుకోవాలి. నునుపుకన్నా భావానికి, మెరుగులకన్నా నవకల్పనకు, నిపుణత ఒక్కటే ఉన్నవారికన్నా సాహసించి కొత్త దారి తొక్కినవారికి, ఒట్టి వేగానికన్నా నిలిచిపోయే పాటలకు మొగ్గు చూపామని వారు ముందుమాటలోనే సూచించారు. ఆ నాలుగు మాటలు చదివితే తప్ప పట్టిక అర్థం కాదు. చదివాక మాత్రం దానిలోని చాలా ఆశ్చర్యాలు ఆశ్చర్యాలుగా మిగలవు. మొదటి పది మంది వరుసగా జిమి హెండ్రిక్స్, చక్ బెర్రీ, జిమ్మీ పేజ్, ఎడ్డీ వాన్ హేలెన్, జెఫ్ బెక్, సిస్టర్ రొసెట్టా థార్ప్, నైల్ రోజర్స్, బి.బి. కింగ్, జోనీ మిచెల్, డువేన్ ఆల్మన్. ఈ పదిలో నన్ను ఎక్కువసేపు ఆపినవి ఆరు, ఏడు స్థానాలు.

పట్టిక చేసిన పనులన్నిటిలో ఉత్తమమైనది సిస్టర్ రొసెట్టా థార్ప్‌ను ఆరో స్థానంలో నిలబెట్టడం. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలోని కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊరిలో పుట్టిన ఈమె చర్చిలో పాడుతూ, గిటార్ వాయిస్తూ పెరిగింది. 1938 నుంచి డెకా సంస్థకు రికార్డులు ఇచ్చింది. భక్తిగీతాన్ని నృత్యశాలల లయతో కలిపినందుకు భక్తుల నుంచి అభ్యంతరాలు వచ్చినా ఆ దారి విడిచిపెట్టలేదు. 1944లో ఆమె రికార్డు చేసిన ఒక గీతం, నల్లజాతి సంగీతానికి అప్పట్లో ప్రత్యేకించిన జనాదరణ పట్టికలో మరుసటి ఏడాది పై స్థానాలకు ఎక్కింది. రాక్ అండ్ రోల్ అన్న పేరు జనం నోట్లో నానడానికి ఇంకా దాదాపు పదేళ్లు ఉంది. 1964లో మాంచెస్టర్‌లో, వాడుకలో లేని ఒక రైల్వే స్టేషన్‌లో గ్రనాడా టెలివిజన్ చిత్రీకరించిన ఆమె ప్రదర్శన నేటికీ దొరుకుతుంది. వాన తడి ఆరని ప్లాట్‌ఫారమ్ మీద కోటు వేసుకుని, తెల్లని ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని నిలబడిన యాభై ఏళ్లకు చేరువైన ఆ స్త్రీ, పాట చరణాల మధ్య తీగను వంచి స్వరాన్ని పైకి లాగే తీరు చూసినవారు, ఈ భాష ఆ తరువాతి యువకులు కనిపెట్టింది కాదని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు.

ఇంతటి కళాకారిణికి 2003 పట్టికలో గాని, 2011 పట్టికలో గాని వందలో ఒక్క స్థానం దక్కలేదు. ఆ రెండు పట్టికల్లోనూ స్త్రీలు చెరి ఇద్దరే. 2003లో జోనీ మిచెల్, జోన్ జెట్. 2011లో జోనీ మిచెల్, బానీ రైట్. థార్ప్ 1973లోనే మరణించింది కాబట్టి, మధ్యలో ఆమె వాద్యంలో మార్పేమీ రాలేదు. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను తొలి ప్రేరకుల వరుసలో చేర్చుకున్నాక అందరి చూపూ అటు తిరిగింది. ఆలస్యంగా జరిగినా న్యాయం న్యాయమే. ఈ ఒక్క నిర్ణయం వల్ల థార్ప్ పేరైనా తెలియని శ్రోతలు ఎందరో ఆమెను విని ఉంటారని నా నమ్మకం, అందుకు నేను ఈ పట్టిక పట్ల కృతజ్ఞతతో ఉన్నాను.

ఏడో స్థానంలో నైల్ రోజర్స్‌ను చూసి చాలామందికి కోపం వచ్చి ఉంటుంది. నాకు మాత్రం అది పట్టికలోకెల్లా ఆలోచించి తీసుకున్న నిర్ణయంగా తోచింది. గొప్ప గిటారిస్టులెవరన్న చర్చ దాదాపు ఎప్పుడూ సోలోల చుట్టూనే తిరుగుతుంది. నాలుగు నిమిషాల పాటలో సోలోకు దక్కేది చాలాసార్లు అర నిమిషమే. మిగిలిన సమయమంతా పాటను మోసేది వెనకాల లయ నడిపే రిథమ్ గిటార్. రోజర్స్ తన డిస్కో బృందం షీక్‌తో 1970ల చివరలో చేసింది ఆ మోసే పనిని ఒక కళగా నిలపడమే. ఆయన కుడి చేయి ఒక్కో దెబ్బను నాలుగు సమభాగాలుగా విడగొట్టి ఆగకుండా పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఎడమ చేయి కార్డును, అంటే కలిసి మోగే స్వరాల గుంపును, ఒక్క క్షణం గట్టిగా నొక్కి, మరుక్షణం పట్టు సడలిస్తుంది. సడలినప్పుడు తీగలు స్వరం పలకకుండా టక్‌మని మాత్రమే అంటాయి. పలికిన స్వరానికీ, పలకని టక్కుకూ మధ్య జరిగే ఆ ఎంపికలోనే శ్రోత కాలు కదిలే కారణం దాగి ఉంది. పూర్తి కార్డును ఒకేసారి మోగించే బదులు అందులోని రెండు మూడు తీగలనే ఎంచుకుని మీటడం వల్ల, బాస్ గిటార్‌కూ గొంతుకూ కావలసినంత చోటు మిగులుతుంది. 1983లో ఆయన బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ ఆల్బమ్‌కు నిర్మాతగా చేసిన పనిలోనూ, ముప్ఫై ఏళ్ల తరువాత 2013లో ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత ద్వయం డాఫ్ట్ పంక్‌తో చేసిన పనిలోనూ ఇదే చేయి వినిపిస్తుంది. మూడు దశాబ్దాల తేడాతో రెండు తరాలను ఆడించిన చేతిని, ఎప్పుడూ సోలోతో ముందుకు రాలేదన్న కారణంతో పక్కన పెట్టడం ఎలా సమంజసం? 2011లో రోలింగ్ స్టోన్స్ బృందపు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడే రిథమ్ వాద్యకారులకు తలుపు కొంత తెరుచుకుంది. 2023లో అది పూర్తిగా తెరుచుకుంది.

గాయని జోనీ మిచెల్ మునుపటి రెండు పట్టికల్లోని 72, 75 స్థానాల నుంచి తొమ్మిదికి రావడాన్నీ నేను సమర్థిస్తాను. బాల్యంలో వచ్చిన పోలియో వల్ల ఎడమ చేయి బలహీనపడి, మామూలు శ్రుతిలో కష్టమైన కార్డులు పట్టలేక, ఆమె గిటార్ శ్రుతినే మార్చుకుంది. అలా యాభైకి పైగా శ్రుతులు తయారుచేసుకుంది. ఆ శ్రుతుల్లో పుట్టే కార్డులను పుస్తకాల్లోని పేర్లతో పిలవడం నేటికీ కష్టమే.

హెండ్రిక్స్ విషయంలో మూడు పట్టికలూ ఒకే మాట మీద ఉన్నాయి. కొలబద్ద మూడుసార్లు మారినా మొదటి పేరు మారలేదంటే, అది అలవాటుగా వేసిన ఓటా, నిజంగా ఏ కొలబద్దకైనా నిలిచే ప్రతిభా అన్నది పరీక్షించి చూడాలి. 1942లో సియాటిల్‌లో పుట్టి, 1970లో 27 ఏళ్లకే లండన్‌లో మరణించిన ఆయనకు సొంత పేరుతో వెలుగులో ఉండే అవకాశం దక్కింది నాలుగేళ్లే. ఎడమచేతి వాటం కాబట్టి, కుడిచేతివారి కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను తిరగేసి, తీగల వరుస మార్చి వాయించేవాడు. ఆయన పొడవైన బొటనవేలు గిటార్ మెడ పైనుంచి వచ్చి అడుగు స్వరాన్ని నొక్కి పడుతుంటే, ఖాళీగా ఉన్న మిగతా వేళ్లు అదే కార్డు చుట్టూ చిన్న చిన్న పలుకులు అల్లేవి. అందువల్ల ముందు వరుసలో వినిపించే లీడ్ ఎక్కడ ఆగి రిథమ్ ఎక్కడ మొదలైందో చెప్పడం సాధ్యం కాదు. ఇక యాంప్లిఫయర్ ముందు గిటార్ పెట్టినప్పుడు పుట్టే ఫీడ్‌బ్యాక్ అనే కూతను అంతకు ముందు వాడినవారు లేకపోలేదు గాని, దాన్ని పాడగల గొంతుగా మార్చింది మాత్రం ఈయనే. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద అమెరికా జాతీయగీతాన్ని వాయిస్తూ, మధ్యలో ఆ గీతాన్నే బాంబుల మోతగా చీల్చి మళ్లీ స్వరంలోకి తెచ్చిన తీరు అందుకు చాలిన ఆధారం. మూలాల కోసం వెతికే విమర్శకుడికి ఆయనలో బ్లూస్ దొరుకుతుంది, చేతివాటం చూసే వాద్యకారుడికి అలవికాని మెళకువ దొరుకుతుంది, కొత్తదనం కోరే సంపాదకుడికి అంతకు ముందు లేని ధ్వని దొరుకుతుంది. అందుచేత ఆ ఒక్క స్థానాన్ని నేను ప్రశ్నించను.

క్లాప్టన్‌కు ఇచ్చిన 35వ స్థానాన్ని ప్రశ్నిస్తాను. ఆయన తరువాతి దశాబ్దాల సంగీతంలో చాలా భాగం నన్ను కదిలించదు. కాని 1966లో బ్రిటిష్ బ్లూస్ కళాకారుడు జాన్ మేయల్ బృందంతో చేసిన ఆల్బమ్‌లో, గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌ను మార్షల్ యాంప్లిఫయర్‌కు తగిలించి, దాని శబ్దాన్ని పూర్తిగా పెంచి ఆయన రాబట్టిన ఆ చిక్కని నాదం తరువాతి రాక్ గిటార్‌కంతటికీ ఒరవడి అయింది. కొత్త దారి తొక్కినవారికి మొగ్గు చూపామన్న సంపాదకులు, ఆ దారిని వెడల్పు చేసిన పేజ్‌కు మూడో స్థానం ఇచ్చి క్లాప్టన్‌ను 35కు పంపడం తమ మాటకు తామే కట్టుబడనట్టుగా ఉంది. బి.బి. కింగ్ ఎనిమిదో స్థానం గురించి వాదించేవారికి ఒక్క మాట: ఒకే స్వరాన్ని ఎడమ చేతి కంపనంతో గమకం పట్టినట్టు ఊపి, పాడిన వాక్యానికి గిటార్‌తో జవాబు చెప్పించే ఆ పద్ధతిని విన్నాక, 2003 నాటి మూడో స్థానమా ఇప్పటి ఎనిమిదో స్థానమా అన్న పట్టింపే నాకు మిగల్లేదు.

పట్టికలోని అసలు లోపం వ్యక్తుల ర్యాంకుల్లో లేదు, శీర్షికలో ఉంది. సర్వకాలాల గొప్ప గిటారిస్టులన్న పేరు పెట్టుకున్న మూడు పట్టికల్లోనూ మొదటి పది మందిలో జాజ్, స్పెయిన్‌లో పుట్టిన ఫ్లమెంకో, పాశ్చాత్య శాస్త్రీయ గిటార్ సంప్రదాయాలకు చెందినవారు ఒక్కరూ లేరు. జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి మహా జాజ్ వాద్యకారుడికి 2003లో 49, 2011లో 68 స్థానాలు దక్కాయి. ఇది కేవలం అభిరుచి భేదమైతే వదిలేయవచ్చు. సంపాదకులు తామే ప్రకటించిన ప్రమాణంతో చూసినా ఇది నిలవదు. చార్లీ క్రిస్టియన్‌నే తీసుకోండి. 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరేనాటికి, పెద్ద బృందాల్లో గిటార్ అంటే వెనకాల తాళం వేసే, సరిగా వినపడని వాద్యం. ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌తో శాక్సఫోన్ వాయించినంత పొడవైన స్వరపంక్తులను ముందుకు తెచ్చి, గిటారిస్టు నిలబడి సోలో వాయించగలడని నిరూపించాడు. 1942లో, ఇరవై ఐదేళ్లకే క్షయతో మరణించాడు. రాక్ సోలో అంటూ ఒకటి ఉండటానికి కావలసిన చోటును ముందుగా ఖాళీ చేయించినవారిలో ఆయన ముఖ్యుడు. దారి తీసినవారికే పెద్దపీట అన్నప్పుడు ఆయన మొదటి పదిలో లేకపోవడాన్ని ఏ వాదంతోనూ సమర్థించలేము.

జాంగో రైన్‌హార్ట్ సంగతీ అంతే. 1928లో ఆయన నివసించే బండికి నిప్పంటుకుని ఎడమ చేతి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్లతోనే సోలో వాయించే కొత్త పద్ధతిని కనిపెట్టి, 1934 నుంచి పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లీతో కలిసి యూరప్ జాజ్‌కు సొంత గొంతు ఇచ్చాడు. ఆంద్రెస్ సెగోవియా గిటార్‌ను శాస్త్రీయ సంగీత సభల్లో ఏకవాద్యంగా నిలబెట్టి, మాన్యుయెల్ పోన్సే వంటి స్వరకర్తలచేత దాని కోసం కొత్త రచనలు చేయించాడు. పాకో దె లూసియా ఫ్లమెంకోను గాయకుడికి తోడు నిలిచే స్థాయి నుంచి లోకమంతా టికెట్ కొని వినే వాద్య కచేరీగా పెంచాడు. ఇంతమందిని హెండ్రిక్స్‌తో తూచి ర్యాంకు ఇమ్మని నేను అడగడం లేదు. అది నిజంగానే కుదరని పని. కుదరనప్పుడు శీర్షికలో రాక్ అన్న ఒక్క మాట చేర్చితే సరిపోయేది. ఆ మాట లేకపోవడం వల్లే, గిటార్ చరిత్ర 1950లలో మొదలైందన్న భ్రమ కొత్త శ్రోతకు కలిగే ప్రమాదం ఉంది.

రచన విషయానికి వస్తే, 2023 పట్టికలో ఒక్కొక్కరికీ దక్కింది చిన్న పరిచయమే. 250 మందిని పరిచయం చేయాలనుకున్నప్పుడు అంతకన్నా ఎక్కువ ఆశించలేము, నిజమే. కాని 2011లో ఈ పత్రికే ఇంతకన్నా విలువైన పని చేసింది: హెండ్రిక్స్ గురించి గిటారిస్టు టామ్ మొరెల్లో చేత, క్లాప్టన్ గురించి ఎడ్డీ వాన్ హేలెన్ చేత చెప్పించింది. ఒక వాద్యకారుడు మరో వాద్యకారుడి చేతిని వర్ణించినప్పుడు, విమర్శకుడి విశేషణాలు అందించలేని సూక్ష్మం మనకు అందుతుంది. గిటార్ నేర్చుకుంటున్నవారికి నేను 2011 నాటి ఆ వ్యాసాలనే ముందుగా సిఫార్సు చేస్తాను. వినడానికి కొత్త పేర్లు కావలసినవారికి 2023 పట్టికే మేలు. అయితే పదో స్థానం దాటాక అంకెల వైపు చూడకుండా, నచ్చిన పేరు దగ్గర ఆగి, ఆ కళాకారుడి రికార్డులు కొన్ని పూర్తిగా విని ముందుకు సాగడం మంచిది. 112వ స్థానానికీ 113వ స్థానానికీ మధ్య తేడా ఏమిటో వరుస నిర్ణయించినవారు కూడా వివరించలేరు.

నాలుగో పట్టిక ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందులో ఒక్కో సంపాదకుడు ఎవరిని ఎంచుకున్నారన్నది పేర్లతో ప్రకటించాలని, లీడ్, రిథమ్, తీగలపై గొట్టం జార్చి వాయించే స్లైడ్ వాద్యకారులను విడివిడి వరుసల్లో ఉంచాలని, రాక్ ఒక్కటే పరిధి అయితే ఆ సంగతి శీర్షికలోనే చెప్పాలని, పరిధి నిజంగానే గిటార్ అంతా అయితే క్రిస్టియన్‌ను, సెగోవియాను, పాకోను బాగా తెలిసినవారిని నిర్ణయించేవారిలో చేర్చుకోవాలని నా కోరిక. వీటిలో మొదటిది చేయడానికి పత్రికకు పెద్ద ఖర్చేమీ ఉండదు. థార్ప్‌కు ఆరో స్థానం ఇవ్వాలని పట్టుబట్టినవారెవరో తెలుసుకుని వారికి ధన్యవాదాలు చెప్పే అవకాశం నాకు దక్కుతుంది.